విఘ్నేశ్వరుడి కింది మూత

కొత్తగా ఆటోమేటిక్ బండి తాళంచెవి పట్టుకున్న ప్రతి డ్రైవరుకూ ఈ సంగతి నా నోటితో చెప్పి తీరాలని నాకొక శిక్ష పడింది. వేసింది కోర్టూ కాదు, ఆఫీసూ కాదు. నేను ఉద్యోగం దిగిపోయి రెండేళ్ళు దాటినా శిక్షాకాలం మాత్రం తీరలేదు. ఇంటింటికీ తిరిగి చెప్పే ఓపిక మోకాళ్ళకు లేదు కాబట్టి రాసి పెడుతున్నాను. తమ్ముళ్ళూ, ఇద్దరో ముగ్గురో చెల్లెళ్ళు కూడా ఈ పనిలోకి వచ్చారని విన్నాను, మీరూ చదవండి. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. అలవాటైపోయింది.

భద్రాచలం దాటాక వచ్చే కొంటాలో ఆసుపత్రి బండి ముప్పై ఏళ్ళు నడిపాను. అన్నీ జీపులే. ఎడమ కాలు క్లచ్ మీద, కుడి చెయ్యి బీడీ మీద, మిగతాది దేవుడి మీద. భేజ్జి వైపు నేను దాటించని వాగు లేదని అందరూ అనేవారు. అందరికంటే ఎక్కువగా నేనే అనేవాణ్ణి. ఇంకో ఏడాదిలో దిగిపోతాననగా ఎవరో దాత మా ఆసుపత్రికి ఒక కొత్త బండి ఇచ్చారు. నాలుగు చక్రాలూ లాగే బండి, పైగా ఆటోమేటిక్. క్లచ్ లేదు. గేర్ల బదులు ఒక లివర్, దాని పక్కన అక్షరాలు. పీ అంటే బండిని కట్టేసినట్టు, ఎన్ అంటే ఎటూ కానట్టు, డీ అంటే పద అన్నట్టు. నాకు అర్థమైంది ఇంతే. ఇంతకంటే అర్థం కావలసింది ఏముంటుందని కూడా అనుకున్నాను.

మొదటి వారం నా ఎడమ కాలు క్లచ్‌ని వెతికి వెతికి బ్రేక్‌ని పట్టుకునేది. బండి ఉన్నచోటే ఠక్కున ఆగిపోయేది, వెనక కూర్చున్నవాళ్ళు ముందుకొచ్చి నా మెడ మీద పడేవారు. మా డాక్టరమ్మగారు, అంటే మా పెద్దాఫీసరు, ఒకసారి టీ గ్లాసుతో సహా వచ్చి పడ్డారు. ఆ మర్నాటి నుంచి ఎడమ కాలిని తువ్వాలుతో సీటు కాలికి కట్టేసి నడిపాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, అది పనిచేసింది.

కొత్త బండి గురించి చెప్పడానికి నన్నూ, మా ఎలక్ట్రీషియన్‌నీ రాయ్‌పూర్ పిలిచి రెండు రోజులు క్లాసు పెట్టారు. అతను జగదల్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు, నా వయసువాడు, నా అంత తిండిపోతు. రెండో రోజు మధ్యాహ్నం క్లాసు లివర్ తాళాల గురించి అన్నారు. తాళం వెయ్యడం తియ్యడం మనకు నేర్పేదేందిరా అని మేమిద్దరం బిర్యానీ తినడానికి పోయాం. బిర్యానీ బాగుంది. ఆ సంగతి మాత్రం ఒప్పుకోవాలి.

తిరిగొచ్చాక బండిలో దేవుణ్ణి పెట్టాలి కదా. డాష్‌బోర్డు అంతా ఏటవాలు, ఏది పెట్టినా జారిపోతోంది. చూస్తే లివర్ పక్కనే, అరచేతిలో నాలుగో వంతు కూడా లేని చదునైన చోటు ఒకటి కనిపించింది. చుట్టూ సన్నటి గీత, లోపల చిన్న పలక. సరిగ్గా నా బొటనవేలంత వినాయకుడికి పీట వేసినట్టుంది. "కంపెనీవాళ్ళు ఎంత భక్తిపరులమ్మా, దేవుడికి జాగా కూడా వదిలారు" అని డాక్టరమ్మగారితో అన్నాను. ఆవిడ కూడా వంగి చూసి మెచ్చుకున్నారు. ఎలక్ట్రీషియన్ రెండు గొట్టాల జిగురు కలిపి వినాయకుణ్ణి అక్కడ అతికించాడు. "భయ్యా, ప్రళయం వచ్చినా ఊడడు. గ్యారంటీ నాది" అన్నాడు. అంతటితో ఊరుకోకుండా, దేవుడి చుట్టూ చిన్న చిన్న ఎర్ర బల్బులు పెట్టి, బ్రేక్ లైటు తీగలోంచి కరెంటు లాగి వాటికి కలిపాడు. బ్రేక్ తొక్కితే వెనక లైటుతో పాటు ముందు వినాయకుడూ ఎర్రగా వెలిగేవాడు. ఆసుపత్రి మొత్తం వచ్చి చూసి పోయింది. నేను అవసరం లేకపోయినా బ్రేక్ తొక్కి చూపించేవాణ్ణి.

ఇక ఆ రోజు సంగతి.

కొంటాలో కంటి శిబిరం పెట్టారు. కళ్ళ డాక్టరుగారు ఏడాదికి ఒక్కసారే వస్తారు. సాయంత్రం నాలుగింటికి పేర్లు పిలుస్తారు, పలికినవాళ్ళ కళ్ళు చూసి ఆపరేషన్ జాబితా రాసుకుంటారు. పలకనివాళ్ళు మళ్ళీ ఏడాది ఆగాలి. భేజ్జి దాటి లోపల వాగు అవతలున్న ఒక పల్లెలో నలుగురు ముసలివాళ్ళకు కళ్ళలో పొర వచ్చిందని మా నర్సమ్మ పేర్లు రాసి పెట్టింది. ఆమె భద్రాచలం వైపు పిల్ల, పనిలో గట్టిది, నన్ను బాబాయ్ అనేది. ఆ నలుగురిని తీసుకురావడానికి నేనూ ఆమే పొద్దున్నే బయల్దేరాం.

నలుగురిలో ముగ్గురు వెనక కూర్చున్నారు. అందులో ఒక తాత బండి కదలకముందే "వచ్చినమా?" అని అడిగాడు. నాలుగో ఆమె ఒక అవ్వ. ముందు సీటే కావాలంది. ఒక చంకలో మూట, ఇంకో చంకలో కోడిపుంజు. కోడెందుకు అవ్వా అంటే చెప్పింది.

"ఇది పోట్ల కోడి బిడ్డా. నా మొగుడు సంతల కోళ్ళకు కత్తులు కట్టెటోడు. ఆయన పోయినంక నేనే పెంచుతాన్న. ఇప్పటికి ఏడు పోట్లు గెలిచిందని నా మనుమడు చెప్పిండు. నేను ఒక్కటన్న చూడలే. ఆడు చెప్పింది నిజమో అబద్ధమో ఎట్ల తెలుస్తది? కండ్లొస్తే ముందుగాల దీని పోటు చూడాలె."

"ఇంట్లో వదిలి రావచ్చు కదా."

"ఆని దగ్గరనా?" అంది అవ్వ. మనవడి మీద ఆమెకున్న నమ్మకం ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది.

దారిలో గుంత వచ్చినప్పుడల్లా నేను బ్రేక్ తొక్కడం, అవ్వ ముందుకు వంగి చూడడం. "ఈడ ఎర్రగ ఏందో ఎలుగుతాంది" అంది. కళ్ళలో పొర ఉన్నా ఆ ఎర్ర వెలుగు ఆమెకు అందింది. దేవుడవ్వా అన్నాను. ఆ బండిలో తనకు కనిపించేది అదొక్కటే అని చెప్పి, దారి పొడుగునా దాన్నే చూస్తూ కూర్చుంది.

మేం దాటాల్సిన వాగు ఒకటే గానీ ఆ చోట రెండు పాయలుగా చీలుతుంది. మధ్యలో ఇసుక దిబ్బ. పొద్దున వచ్చేటప్పుడు పాదాలు తడిసేంత నీళ్ళు. తిరిగి వచ్చేసరికి ఎగువన ఎక్కడో వాన పడ్డట్టుంది, మొదటి పాయలోనే నీళ్ళు తలుపుల అంచు దాకా వచ్చాయి. నెమ్మదిగా, ఆపకుండా దాటించి దిబ్బ ఎక్కించాను. ఎక్కాక బ్రేక్ తొక్కి ఆపాను. అప్పుడు అవ్వ అంది, "ఇప్పుడు ఎలుగుతలేదేంది?"

నేనేమన్నానో వినండి. "దేవుడికి కునుకు పట్టిందిలే అవ్వా, నువ్వూ పడుకో" అన్నాను.

లివర్ పీలో పెట్టి, ఇంజను ఆపి, కర్ర పట్టుకుని రెండో పాయ లోతు చూడడానికి దిగాను. నడుం కిందే ఉంది. ఇప్పుడే దాటితే సరే, ఆలస్యం అయితే కష్టం. నీటి అంచున కర్ర గుచ్చి తిరిగొచ్చి బండి స్టార్ట్ చేశాను. స్టార్ట్ అయింది. బ్రేక్ తొక్కి లివర్ లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. రెండు చేతులా లాగాను. పీలోంచి వెంట్రుకవాసి కదల్లేదు.

ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు తెలియదు అనడు. "బండి వేడెక్కింది, పది నిమిషాలు ఆగాలి" అన్నాను. బానెట్ ఎత్తాను. గేర్ల నూనె పుల్ల తీసి చూశాను, ఎర్రగా బాగానే ఉంది, మాడిన వాసన లేదు. నాలుగు చక్రాల లివర్ అటూ ఇటూ తిప్పాను. కింద దూరి చూశాను, ఏం చూస్తున్నానో నాకే తెలియదు. బయటికొచ్చేసరికి నేను గుచ్చిన కర్ర నీళ్ళలో ఉంది. అంచు దాన్ని దాటి ఇవతలికి వచ్చేసింది.

"తోసి చూద్దామా బాబాయ్" అంది నర్సమ్మ. ఇద్దరం తోశాం. పీలో ఉన్న బండి కొండ లాంటిది, దాన్ని తోసి లాభం లేదు. ఆ ముక్క కూడా నాకు తోశాకే తెలిసింది.

"వచ్చినమా?" అన్నాడు వెనక నుంచి తాత.

"వస్తున్నాం" అన్నాను పళ్ళు బిగించి.

టైము రెండు దాటింది. ఫోనులో సిగ్నల్ లేదు. కళ్ళు కనపడని నలుగురిని భుజాన వేసుకుని పాయ దాటించినా, అవతల నుంచి కొంటాకి నడిచేసరికి చీకటి పడుతుంది. అవ్వ కోడిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ, "నాలుగయిందా బిడ్డా?" అని అడిగింది. ఇంకా కాలేదన్నాను.

"బండితో పాటు ఏదైనా పుస్తకం ఇచ్చారా?" అంది నర్సమ్మ.

ఇచ్చారు. అరలో ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. కొత్తది పాడవుతుందని అలాగే ఉంచాను, పైన కొబ్బరికాయ పెట్టుకునేవాణ్ణి. నర్సమ్మ కవరు చింపి, ఇంగ్లీషులో వెతికి, తెలుగులో నాకు చెప్పింది. పీలోంచి లివర్ రావాలంటే బ్రేక్ తొక్కినట్టు బండికి తెలియాలట. బ్రేక్ లైటు కరెంటు వల్ల అది తెలుస్తుందట. ఆ కరెంటు పోతే లివర్ తాళం పడిపోతుందట. అప్పుడు లివర్ పక్కన ఒక చిన్న మూత ఉంటుంది, అది తీసి లోపల తాళంచెవితో నొక్కి లాగితే వస్తుందట.

మూత ఎక్కడుందో ఆ క్షణంలోనే తెలిసింది. ఆమె పుస్తకంలో బొమ్మ చూస్తోంది, లివర్ చుట్టూ తడుముతోంది. "ఇక్కడేం మూత లేదే, దేవుడున్నాడు" అంది. నేను ఆకాశం వైపు చూశాను. మళ్ళీ బొమ్మ చూసింది. మళ్ళీ దేవుణ్ణి చూసింది.

"బాబాయ్" అంది నెమ్మదిగా, "వినాయకుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టావు?"

చెప్పేశాను. జిగురు సంగతీ, బల్బుల సంగతీ, బ్రేక్ తీగలోంచి కరెంటు లాగిన సంగతీ. నీళ్ళు తగిలి ఆ అతుకు దగ్గర ఏదో కాలిపోయి ఉంటుందని కూడా అప్పుడే తట్టింది. నర్సమ్మ స్క్రూ డ్రైవరు తీసి నా చేతిలో పెట్టింది. నేను మళ్ళీ ఆమె చేతిలో పెట్టాను.

"దేవుణ్ణి స్క్రూ డ్రైవరుతో పొడవమంటావా? నా వల్ల కాదు."

"నా వల్ల మాత్రం అవుతుందా?"

మేమిద్దరం అలా స్క్రూ డ్రైవరు ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటే నీళ్ళు ముందు చక్రాల దగ్గరికొచ్చాయి. నిజంగా భయమేసింది. బండి పోతే పోయింది, వాళ్ళని వెనక్కి మోసుకుపోగలను. కానీ ఆ అవ్వకి ఏం చెప్పను? నా పూజ కోసం నీ కళ్ళు ఇంకో ఏడాది ఆగాలి అని చెప్పనా?

అవ్వే మాట్లాడింది. "కేశకాల్ దిక్కు మా మేనత్త ఊరున్నది. ఆడ దేవుండ్లు పని చెయ్యకపోతే జాతరల నిలబెట్టి పంచాయితీ పెడ్తరు. తప్పుంటే శిక్ష గూడ ఏస్తరు. ఈయనకు గూడ పెడదాం."

"అవ్వా, ఈయన మా దేవుడు. మా దేవుళ్ళకి పంచాయితీలుండవు."

"ఎందుకుండవు? బండెక్కిండు గద. మా వాగుల కూసున్నడు గద."

అవ్వ కోడిని నాకిచ్చి, చేత్తో తడుముతూ వినాయకుడి తల మీద వేలు పెట్టింది. గొంతు సవరించుకుంది. "సామీ, దారి మీద కూసున్నవని నీ మీద ఫిర్యాదు. సాచ్చెం నేనే. నాకు ఈ బండిల కనపడ్డది నువ్వొక్కనివే. వాగు దాటెదాంక ఎలిగినవ్. దాటినంక ఆరిపోయినవ్. బండికి ఏదో అయిందని నువ్వు చెప్పినవ్. నేను గూడ చెప్పిన. డ్రైవరు ఏమన్నడు?"

నర్సమ్మ నా వైపు చూసింది. "ఏమన్నావ్ బాబాయ్?"

"కునుకు పట్టిందన్నాను" అన్నాను, కోడిని పట్టుకుని.

"ఇన్నరు గద" అంది అవ్వ వెనక్కి తిరిగి. వెనక ముగ్గురూ విన్నామన్నారు. వచ్చినమా అనే తాత కూడా ఈసారి విన్నానన్నాడు. "దేవునిది తప్పు లేదు. ఆయన్ని ఈడ కూసోబెట్టినోనిది తప్పు. దేవుడు లేసి దారిస్తడు. శిక్ష డ్రైవరుకు."

"ఏ శిక్షయినా సరే, తొందరగా చెప్పవ్వా."

"బండి తాళం పట్టుకునే ప్రతోనికి ఈ ముచ్చట నీ నోటితోని చెప్పాలె. ముందుగాల మీ పెద్ద డాక్టరమ్మకు."

ఒప్పుకున్నాను. ఆ నిమిషంలో గాడిదనెక్కి ఊరేగమన్నా ఒప్పుకునేవాణ్ణి. అవ్వ కోడిని తిరిగి తీసుకుని, నడుం దగ్గర సంచిలోంచి సన్నటి దారం తీసింది. కోడి కాలికి కత్తి కట్టే దారం, తెగదు. దాన్ని వినాయకుడి పీట కింద దూర్చి నేనూ నర్సమ్మా చెరో కొస పట్టి రంపం లాగినట్టు అటూ ఇటూ లాగాం. జిగురు గట్టిది. మూతకీ బండికీ మధ్య ఉన్న సన్న గీతలోకి దారం దిగింది. ఇంకో నాలుగు లాగుళ్ళకు వినాయకుడు మూతతో సహా లేచి నా చేతిలోకి వచ్చాడు. ఒక్క చిన్న గీత కూడా పడలేదు. కింద చిన్న తొర్ర. తాళంచెవి కొన పెట్టి నొక్కి లివర్ లాగితే, వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది.

తాళంచెవి పెట్టి ఇంజను స్టార్ట్ చేసి, లివర్ ఎన్‌లో ఉంచి నాలుగు చక్రాల గేరు తక్కువలో వేశాను. మీరూ గుర్తుపెట్టుకోండి, కదులుతున్నప్పుడు అది పడదు. ఆ తర్వాత లివర్ డీలోకి లాగి, యాక్సిలేటరు మీది నుంచి కాలు ఎత్తకుండా, తొందరపడకుండా రెండో పాయలోకి దించాను. నీళ్ళు బానెట్ మీదికి ఎగబాకాయి. నర్సమ్మ కళ్ళు మూసుకుంది. అవ్వ మాత్రం ఒక చేత్తో కోడినీ ఇంకో చేత్తో వినాయకుణ్ణీ ఒళ్ళో పట్టుకుని నిమ్మళంగా కూర్చుంది. ఒడ్డెక్కాక బ్రేక్ తొక్కాల్సిన ప్రతిచోటా తొక్కాను గానీ, లివర్‌ని మాత్రం కొంటా వచ్చేదాకా పీ దగ్గరికి పోనివ్వలేదు.

శిబిరం గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల పేర్లు పిలుస్తున్నారు. నర్సమ్మ దిగి పరుగెత్తింది. నేను అవ్వ చెయ్యి పట్టుకుని వెనకాలే నడిచాను. అవ్వ పేరు రెండోసారి పిలిచినప్పుడు ఆమె గుమ్మం దగ్గర నుంచే పలికింది. కోడి కూడా పలికింది.

"వచ్చినమా?" అన్నాడు తాత.

"వచ్చాం తాతా" అన్నాను. నా కళ్ళు తడిసాయి. ఇది కూడా ఒప్పుకోవాలి.

ఇక నా బుద్ధి సంగతి. సాయంత్రం డాక్టరమ్మగారు ఏమైందని అడిగారు. బండిలో లోపల లోపం వచ్చిందనీ, అనుభవంతో సరిచేశాననీ చెప్పాను. నర్సమ్మ పక్కన లేదు. ఆవిడ నా భుజం తట్టి, దిగిపోయే రోజున పది మంది ముందు ఈ మాట చెబుతానన్నారు. ఎలక్ట్రీషియన్ కాలిపోయిన ఫ్యూజు మార్చి, బల్బుల తీగ పీకేసి, "భయ్యా, నేను ఏమీ చూడలేదు" అని మాటిచ్చాడు. శిక్ష వేసిన అవ్వకు నేను కనపడను కదా అని నేనూ ధైర్యంగానే ఉన్నాను.

ఆ ధైర్యం ఆపరేషన్ అయ్యేదాకే. మర్నాడు ఆపరేషన్, ఆ మర్నాడు కట్టు విప్పడం. కట్టు విప్పేటప్పుడు ఫోటో తీయించుకోవడానికి డాక్టరమ్మగారు కూడా వచ్చారు. అవ్వ కన్ను తెరిచింది. అటూ ఇటూ చూసింది. కోడిని తెమ్మంది. తెస్తే దాన్ని ఎత్తి, తిప్పి, చాలాసేపు చూసింది.

"ఇదేనా? ఆడు దీన్ని గద్దంత ఉన్నదని చెప్పిండు. కాకంత గూడ లేదు" అంది. తర్వాత నర్సమ్మని చూసి బుగ్గలు పుణికింది. ఆ తర్వాత గుమ్మం వెనక నిలబడ్డ నా వైపు తిరిగింది. నేను మాట్లాడలేదు. అయినా పట్టుకుంది.

"నువ్వే గద డ్రైవరు? కోడిని పట్టుకున్నప్పటి వాసనే కొడ్తాంది. గొంతు ఇని పడుచోనివనుకున్న, ఇంత ముసలోనివా?" అంది. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు అడిగింది, "చెప్పినవా?"

డాక్టరమ్మగారు "ఏం చెప్పాలి?" అన్నారు.

అవ్వ కన్ను నా మీదే ఉంది. మొన్నటిదాకా ఎర్ర బల్బుల వెలుగు తప్ప ఏమీ చూడని కన్ను, ఇప్పుడు నన్ను తప్ప ఇంకేమీ చూడడం లేదు. చెప్పాను. మొత్తం చెప్పాను. రాయ్‌పూర్ బిర్యానీ దగ్గర నుంచి కునుకు దాకా. డాక్టరమ్మగారు అంతా విని, "అంటే కంపెనీవాళ్ళు దేవుడికి జాగా వదల్లేదన్నమాట" అన్నారు.

నేను దిగిపోయే రోజున ఆవిడ పది మంది ముందు చెప్పింది కూడా అదే మాట. శాలువా మాత్రం కప్పారు.

ఆ వినాయకుడు ఇప్పుడు మా ఇంట్లో కిటికీ గట్టు మీద ఉన్నాడు. ఆయన కింద బండి మూత అలాగే అతుక్కుని ఉంది, ఎవరి వల్లా ఊడలేదు. ఎలక్ట్రీషియన్ గ్యారంటీ ఆ ఒక్క విషయంలో నిజమైంది.

పోయిన వారం కొంటా సంతకు పోయాను. కోడి పోటు చుట్టూ జనం గుమిగూడి ఉంటే, వాళ్ళ మధ్య నుంచి అవ్వ నన్ను అంత దూరం నుంచీ చూసింది. కళ్ళు అంత బాగా పనిచేస్తున్నాయి. ఈమధ్య ఆసుపత్రిలోకి కొత్తగా నలుగురు డ్రైవర్లొచ్చారని ఆమెకు ఎలా తెలిసిందో తెలియదు.

"ఎంతమందికి చెప్పినవ్?" అంది.

"ఇద్దరికి" అన్నాను.

"మిగిలినోళ్ళు?"

అందుకే ఇంటికొచ్చి ఇది రాశాను. మిగిలిన ఆ ఇద్దరూ మీరే అయితే, అవ్వ కనపడినప్పుడు విన్నామని చెప్పండి.